"కొనబుద్ధి కాలేదు": ఇందులో బుద్ధి అంటే ఏది?

మొన్న ఒక కుర్చీ కొందామని ఫోన్‌లో వివరాలన్నీ నింపి, డబ్బు కట్టే బటన్ మీదకు వేలు తీసుకెళ్లి, ఆగిపోయాను. ఎందుకని మా తమ్ముడు అడిగితే "ఏమో, కొనబుద్ధి కాలేదు" అన్నాను. "ఇందులో బుద్ధి ఎక్కడుందక్కా, భయం తప్ప! డబ్బు దగ్గర ఆడవాళ్లు మనసుతో ఆలోచిస్తారు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

"బుద్ధి చెప్పాడు" అన్నప్పుడు బుద్ధి అంటే వివేకం. "తినబుద్ధి", "వెళ్లబుద్ధి" అన్నప్పుడు అదే మాట కోరిక. పైగా "నేను" కాదు, "నాకు" కొనబుద్ధి కాలేదు. ఆకలి వేసినట్టు, నిద్ర వచ్చినట్టు, అది నాకు కలిగేది.

2007లో అమెరికాలో బ్రయన్ నట్సన్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం, మెదడు పనితీరును చూపే స్కానర్‌లో పడుకున్నవాళ్లకు ముందు వస్తువును, తర్వాత ధరను చూపించి, ఆ తర్వాతే కొంటారా అని అడిగింది. మెదడులో, వస్తువు నచ్చితే న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం, ధర మరీ ఎక్కువైతే ఇన్సులా అనే భాగం చురుకయ్యాయి. ఆ కదలికల్ని బట్టి, జవాబు రాకముందే కొంటారో లేదో కొంతవరకు చెప్పగలిగారు. ఒంట్లో నొప్పి, వికారం తెలిసేటప్పుడు పనిచేసేదీ ఈ ఇన్సులానే. కొనబుద్ధి కాకపోవడం అంటే ఇదే కదా!

ఇది చదివినవారి ప్రశ్నలు, నా జవాబులు:

— "బుద్ధి పుట్టలేదు" అని కూడా అంటాం కదండీ. రెండూ ఒకటేనా?

— నా చెవికి కాదండీ. పుట్టలేదంటే అసలు ఆలోచనే రాలేదని. కొనబుద్ధి కాలేదంటే ఆలోచన వచ్చి, చివర్లో ఆగిందని.

— మీ తమ్ముడన్నదాంట్లో తప్పేముందండీ? లెక్క వేరు, భయం వేరు.

— వేరు చేసి చూసే అవకాశం ఒకసారి వచ్చిందండీ. అరుదైన జబ్బు వల్ల మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత భాగం దెబ్బతిన్న ఇద్దరు స్త్రీల మీద 2010లో ఒక అధ్యయనం వచ్చింది. బొమ్మా బొరుసా పందెం. గెలిస్తే ఇంత వస్తుంది, ఓడితే ఇంత పోతుంది. మామూలుగా మనం, వచ్చేది పోయేదానికి దాదాపు రెండింతలుంటే తప్ప ఒప్పుకోం. ఆ ఇద్దరికీ పోతుందన్న జంకే లేదు. ఎక్కువ తక్కువల లెక్క మాత్రం చక్కగా తెలుసు. అంటే మామూలుగా మనలో, మగవాళ్లతో సహా, ఆ జంకు నిర్ణయంలో భాగమే. మా తమ్ముడు దాన్ని ఆడవాళ్ల ఖాతాలోనే వేశాడు, నా బాధ అదే.

— అయితే ఆడ, మగ మెదడుకి తేడాయే లేదంటారా?

— అలా అనను. 2017లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తే, డబ్బు పంచుకునే నిర్ణయం దగ్గర స్త్రీల మెదడులో, తనకే ఉంచుకునే నిర్ణయం దగ్గర పురుషుల మెదడులో స్ట్రయేటం అనే, ప్రతిఫలానికి స్పందించే భాగం ఎక్కువ చురుకైంది. ఆ భాగంలో పనిచేసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు ఇస్తే స్త్రీలు పంచడం తగ్గింది, పురుషులు పంచడం పెరిగింది. కానీ ఇది పుట్టుకతోనే వచ్చిందని వాళ్లు అనలేదు. పంచితే ఆడపిల్లని మెచ్చుకుంటూ పెంచడం వల్ల కూడా కావచ్చన్నారు. మనం "బుద్ధులు నేర్పారు" అంటాం చూడండి, అక్కడ బుద్ధి అంటే వివేకమూ కాదు, కోరికా కాదు. అలవాటు.