‘మంత్రగత్తెల వేట’కు తెలుగు మాట ఉందా?

ప్రశ్న: కేసు పడగానే నాయకులు ‘ఇదంతా మంత్రగత్తెల వేట’ అంటున్నారని పేపర్లు రాస్తున్నాయి. ఇది అసలు తెలుగేనా అండి?

జవాబు: ఇంగ్లిషు ‘విచ్ హంట్’ నుంచి మాటకు మాట దింపింది. అర్థమవుతుంది గానీ, అసలు సంగతికి అతకదు. ఆ మాటకు అందరూ చెప్పే ఉదాహరణ 1692లో అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీలో, సేలంలో, మంత్రాలు చేస్తున్నారని జనం మీద పెట్టిన కేసులు. అది కోర్టు వ్యవహారం. వారెంట్లు, జ్యూరీ, సాక్షులు అన్నీ ఉన్నాయి. కాకపోతే ‘ఫలానా ఆమె రూపం వచ్చి నన్ను గిచ్చింది, పక్కవాళ్లకు కనబడలేదు’ అన్నా సాక్ష్యమే! నేరం ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లెవరినీ ఉరి తీయలేదు. బానిసగా ఉన్న టిటుబా అలాగే జైలుతో బయటపడింది. ఉరి పడింది 19 మందికి. తగలబెట్టారని మనవాళ్లు రాస్తుంటారు, సేలంలో ఎవరినీ తగలబెట్టలేదు.

ఆ 19 మందిలో ఐదుగురు మగవాళ్లు. ‘మంత్రగత్తె’ అంటే వాళ్లు లెక్కలోకే రారు. వాళ్లలో జార్జ్ బరోస్ ఏకంగా పాస్టరు. మంత్రాలు చేసేవాళ్లు ప్రభువు ప్రార్థన తప్పులేకుండా చెప్పలేరని అప్పటి నమ్మకం. ఉరి తీసే ముందు ఆయన తడబడకుండా చెప్పాడు. జనం కదిలిపోయారు, అయినా ఉరి ఆగలేదు.

ఇంకొకరు: మా తెలంగాణ పేపర్లలో ‘మంత్రాల నెపంతో హత్య’ అని వస్తుంది కదా?

జవాబు: భలే గుర్తుచేశారు, నా ఓటు దానికే. ఆడా మగా తేడా లేదు. పైగా ‘నెపం’ అనగానే ఆరోపణ ఉత్తదని రాసినవాళ్లే తేల్చేసినట్టు. ‘చేతబడి చేస్తోందని చంపారు’ అంటే చదివేవాళ్లకు ‘ఏమో, చేసిందేమో’ అనిపించే సందు మిగులుతుంది. సేలంలో తీర్పులిచ్చిన శామ్యూల్ స్యూయల్‌కు ఆ సందు మూయడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. 1697 జనవరిలో బోస్టన్ చర్చిలో ఆయన అందరి ముందూ లేచి నిలబడితే, ఆయన రాసిచ్చిన తప్పు ఒప్పుకోలును పాస్టరు చదివాడు.

మరొకరు: క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లను చంపింది కూడా వీళ్లేగా? దాన్నేమనాలి?

జవాబు: అవును, అదే మసాచుసెట్స్. 1659 నుంచి 1661 లోపు నలుగురిని బోస్టన్‌లో ఉరి తీశారు. బహిష్కరించినా తిరిగొచ్చారన్నది నేరం. ఇంగ్లండులో తమ పద్ధతిలో దేవుణ్ని కొలుచుకోనివ్వలేదని సముద్రం దాటి వచ్చినవాళ్ల రాజ్యం అది! అక్కడ నెపం కూడా అక్కర్లేకపోయింది, చట్టమే రాసుకున్నారు. దాన్ని మతహింస అనాలి. ఇక కేసు పడ్డ నాయకుడికంటారా, ‘కక్షసాధింపు’ చాలు.