ఉమ్మనీరు తీసి బిడ్డ ఊపిరితిత్తులు చూసే టెస్టు ఇప్పుడు చేస్తున్నారా?

పర్లాకిమిడి కోడలు:
మా ఆడపడుచుకి 35వ వారం అండి, సుగర్ ఉంది, మొదటి కాన్పు ఆపరేషనే. బరంపురంలో చూపిస్తన్నాం, 37 దాటాక చూద్దాం అన్నారు డాక్టరమ్మ. మా పెద్దత్త ఒకప్పుడు నర్సు, ఆవిడేమో ఉమ్మనీరు తీసి టెస్టు చేయిస్తే బిడ్డ ఊపిరితిత్తులు ఎదిగాయో లేదో తెలిసిపోద్ది, విశాఖ తీసుకెళ్ళండని ఒకటే గోల. ఎవరైనా చేయించారా?

రాయగడ ల్యాబ్:
ఉన్న టెస్టే అండి. బిడ్డ ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం అక్కడే తయారై ఉమ్మనీట్లో కలుస్తుంది, దాన్ని వెతుకుతారు. లెసిథిన్, స్ఫింగోమైలిన్ అనే రెండు కొవ్వులు కొలిచి, రెండోదానితో మొదటిదాని నిష్పత్తి 2 దాటితే ఎదిగినట్టు లెక్క, 1971లో గ్లక్ అనే డాక్టర్ తెచ్చింది. తర్వాత లామెల్లార్ బాడీలు, అంటే సర్ఫాక్టెంట్ ఉండే చిన్న చిన్న పొట్లాల్లాంటివి, లెక్కపెట్టడం వచ్చింది, అవి ఇంచుమించు ప్లేట్‌లెట్ల సైజే కాబట్టి రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ మెషీన్లోనే పెట్టేయొచ్చు, మైక్రోలీటరుకి 50 వేలు దాటితే పర్లేదంటారు. నీళ్ళలో రక్తం కలిసిందా, లెక్క తారుమారే. నా టేబుల్ మీదకైతే ఈ శాంపిల్ ఎప్పుడూ రాలేదు.

రిటైర్డ్ సిస్టర్:
మేం చేసేది షేక్ టెస్టమ్మా. ఉమ్మనీట్లో ఆల్కహాల్ పోసి ట్యూబు 15 సెకన్లు గట్టిగా ఊపి 15 నిమిషాలు కదపకుండా ఉంచితే అంచు చుట్టూ నురగ నిలబడాలి, అప్పుడే ఎదిగినట్టు. అప్పట్లో స్కాన్లు ఎక్కడివి, నెలలన్నీ నోటిలెక్కే, అందుకే అవసరపడేది. సుగర్ తల్లుల దగ్గర ఇంకో తిరకాసు, నిష్పత్తి 2 వచ్చినా కొందరు పిల్లలకి ఆయాసం వచ్చేది, అందుకే వాళ్ళకి సర్ఫాక్టెంట్‌లోనే ఉండే పీజీ అనే ఇంకో కొవ్వు కూడా చూసేవారు. సూది గుచ్చడం కూడా ఊరికే కాదు కదా, నొప్పులు మొదలైపోవచ్చు.

పాతపట్నం అమ్మ:
ఊపిరితిత్తులు బాగున్నాయని ముందే తీసేస్తే మిగతావి సంగతేంటి? కామెర్లు, బిడ్డకి సుగర్ పడిపోడం, పాలు లాగలేకపోడం. టెస్టు బాగొచ్చిందన్న ఒక్క కారణంతో 39 వారాల ముందు కాన్పు చేయొద్దని అమెరికా గైనిక్ డాక్టర్ల సంఘమే చెప్పింది. వేరే ఇబ్బంది ఉండి ముందే తీయాల్సొస్తే అది వేరే సంగతి, అప్పుడు ఈ రిపోర్టు కోసం ఎవరూ ఆగరు.

పర్లాకిమిడి కోడలు:
మరి ఊపిరితిత్తులకి ఇంజెక్షన్ అంటారు, అదేనా వేయించమని అడగాలా?

రిటైర్డ్ సిస్టర్:
అది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, 6 మిల్లీగ్రాములు 12 గంటలకోటి చొప్పున 4. ముఖ్యంగా 34 వారాల లోపు నొప్పులొచ్చే వాళ్ళకి. సుగర్ అమాంతం పెంచేస్తుంది, మీరడిగి వేయించుకునేది కాదు, డాక్టరమ్మకి వదిలేయండి. ముందు మూడో నెల స్కాన్ కాగితం ఫైల్లో ఉందో లేదో చూడండి, 37 లెక్కంతా దాన్నుంచే, మనవైపు సగంమంది అది పుట్టింట్లో వదిలేసి వస్తారు. పెద్దత్తకి నేను ఫోన్లో చెప్తాలే.