కమలాప్తుడు ఎవరికి ఆప్తుడు? కలువ, తామర గొడవ

గోదారిగట్టు: మా ఫ్యామిలీ గ్రూపులో బావగారు గుడ్ మార్నింగ్ ఫొటో పెట్టారు, కింద సుమతీ పద్యం, అదే 'కమలములు నీట బాసిన కమలాప్తు రశ్మి సోకి కమలిన భంగిన్'. ఫొటోలో ఉన్నదేమో కలువ. బావగారూ అది కమలం కాదండీ అన్నాను, ఏ పువ్వైతే ఏంటయ్యా రెండూ చెరువులోవేగా అనేశారు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పూజకి తెచ్చేవాటిని కూడా ఓసారి తామర అంటాం ఓసారి కలువ అంటాం. ఇంతకీ తేడా ఉందా లేదా?

నిఘంటువుపురుగు: తేడా లేకపోతే ఆ పద్యమే కూలిపోద్దండీ. కమలాప్తుడంటే సూర్యుడు. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ పువ్వుని విప్పార్చిన స్నేహితుడే అది ఒడ్డున పడగానే వాడ్చేస్తాడు, అసలు సంగతి అదీ. అక్కడ కలువ పెడితే ఆప్తుడు చంద్రుడవుతాడు, ఆయన్నే కదా కలువలరేడు అన్నారు, మరి వెన్నెల తగిలి కమిలిన పువ్వుని ఎవరైనా చూశారా? మనవాళ్ళు ఎప్పుడూ కలిపెయ్యలేదు. తమ్మి అన్నా తామరే, తమ్మిచూలి అంటే బ్రహ్మ. ఎరుపు రంగువి కూడా విడివిడిగానే పిలిచారు, చెంగలువ వేరు, కెందామర వేరు. తమిళంలో తామరై, కన్నడంలో తావరె, మలయాళంలో తామర, అన్నిచోట్లా అదే మొక్క. కలువ దగ్గరికొచ్చేసరికి తమిళంలో అల్లి, కన్నడంలో నైదిలె, మలయాళంలో ఆంబల్, ఎవరి పేరు వాళ్ళదే.

పాలమూరుచెరువు: పుస్తకాలు జెర పక్కకు పెట్టుండ్రి అన్నా, ఆకు చూస్తే అయిపోతది. కలువాకు నీళ్ళ మీద పరుచుకొని ఉంటది, ఒక దిక్కు కాడ దాకా చీలి ఉంటది. తామరాకుకు చీలిక ఉండది, కాడ నడిమిట్ల అతుక్కొని ఆకు గొడుగులెక్క నీళ్ళ మీదికి లేస్తది. లేత ఆకులైతే అవి కూడా తేలుతయి, గాని చీలిక మాత్రం వాటికీ ఉండది. నీళ్ళు చల్లితే ముత్యాల లెక్క ఉరుకుతయి, తామరాకు మీద నీటిబొట్టు అన్నరు గాని కలువాకు మీద అని ఎవ్వరన్న అన్నరా? ఇగ పువ్వు నడుమ దుద్దు ఉంటే తామర, గింజలు దాని తొర్రలల్ల ఉంటయి. కలువకాయ నీళ్ళ లోపల్నే పండుతది.

గోదారిగట్టు: మొత్తం బావగారికి ఫార్వర్డ్ చేశా. రిప్లై వచ్చింది, 'మా పెరట్లో తొట్టిలో నీలి కలువ రోజూ పొద్దున్నే విచ్చుకుంటోంది, మీ చంద్రుడు అప్పుడేం చేస్తున్నాట్ట?'

నిఘంటువుపురుగు: దొరికిపోయాను! నల్లకలువ, అంటే నింఫియా నౌచాలి, పగటి పువ్వే. శ్రీలంక జాతీయ పుష్పం కూడా ఇదే. రాత్రి విచ్చుకునేది నింఫియా ప్యూబిసెన్స్, తెల్లదీ ఎర్రదీ. కవులు ఇవేం పట్టించుకోకుండా కలువలన్నిటినీ గంపగుత్తగా చంద్రుడికి కట్టబెట్టేశారు. కాబట్టి చంద్రుడి లెక్క పద్యం వరకే, చెరువు దగ్గర పాలమూరు తమ్ముడు చెప్పిన ఆకు లెక్కే. తమాషా ఏంటంటే ఇవి కనీసం దూరపు చుట్టాలు కూడా కావు, జన్యువులు చూశాక తామరని ప్రోటియేల్స్ అనే క్రమంలో పెట్టారు, కశ్మీర్‌లో చినార్ చెట్లుంటాయే, ఆ వరసలోది. అంతరతామర ఇంకో మాయ, పేరులో తామర ఉంది గానీ అది చేమదుంప కుటుంబం.

పాలమూరుచెరువు: చినారా? ఇది మా చెరువుల చెప్తే నవ్వుతరన్నా.

గోదారిగట్టు: బావగారు ఫొటో మార్చారండీ. పద్యం అదే. ఈసారి పెట్టింది గుర్రపుడెక్క పువ్వు.