పర్లాకిమిడిలో మందులు, టెక్కలిలో కాన్పు: కార్డు ఎలా మార్పించాలి?

అందరికీ నమస్కారం. మా చెల్లిని పర్లాకిమిడి ఇచ్చాం, ఇప్పుడు ఏడో నెల. తనకి హెచ్ఐవీ ఉంది, ఒడిశాలోని ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) టీఎల్‌డీ అనే హెచ్ఐవీ మాత్రలు తీసుకుంటోంది, ఒక్కరోజు కూడా మానలేదు. తొలి కాన్పు కదా, టెక్కలి తీసుకురావాలని అమ్మ పట్టు.

రాష్ట్రం మారితే ఆ సెంటర్ ఇచ్చిన చికిత్స కార్డు శ్రీకాకుళం వైపు బదిలీ చేయించాలా, లేక కాన్పు దాకా సరిపడా మందులు అక్కడే ఇచ్చేస్తారా? 32 వారాలు దాటాక చేసే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే) పరీక్ష అక్కడే చేయించుకుని రావడం మంచిదా? బిడ్డకి హెచ్ఐవీ సోకకుండా పుట్టగానే మొదలుపెట్టాల్సిన నెవిరపిన్ సిరప్, ఆరో వారంలో బిడ్డకి చేసే హెచ్ఐవీ పరీక్ష ఇక్కడ ఎక్కడ అడగాలి?

ఇంకోటి, ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో విషయం చెప్పగానే ఆపరేషన్ తప్పదు, అదీ మా దగ్గర కుదరదు అనేశారు. వైరల్ లోడ్ బాగా తగ్గి ఉంటే మామూలు కాన్పే అవ్వొచ్చని సెంటర్లో సిస్టర్ చెప్పింది, పైగా 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉందని వైద్యం కాదనకూడదు. ఆ ఆసుపత్రి వాళ్ల మాట విన్నప్పటి నుంచి చెల్లి సరిగ్గా తినడం లేదు, అదే నా టెన్షన్.

తల్లిపాలు ఇస్తే ఆరు నెలలూ అవే ఇవ్వాలట, పోతపాలు కలపకూడదట. పుట్టగానే తేనె నాకించే మా అమ్మకి, అసలు విషయం తెలియని బంధువులకి ఏం చెప్పి ఆపాలి?

హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి కూడా ఫోన్ చేస్తాం. కానీ ఇలా ఒడిశా నుంచి పుట్టింటికి వచ్చి కాన్పు అయినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, పేరు రాయక్కర్లేదు.