జపాన్‌లో మోర్మన్ మిషనరీ వారం: సోమవారం సెలవా, పనిరోజా?

శారద_యూటా
ఇంకో చర్చలో ఒకరు మోర్మన్ మిషనరీల (అమెరికాలో పుట్టిన మోర్మన్ చర్చి తరఫున మతప్రచారానికి వెళ్లే యువతీయువకుల) గురించి "రెండేళ్లు పైసా ఖర్చు లేకుండా జపాన్ చూసి రావడమే కదా" అని రాశారు. అది తప్పు. అమెరికా నుంచి వెళ్లే కుర్రాడి ఇంటివాళ్లు నెలకు 500 డాలర్లు కడతారు. 2020 జూలైకి ముందు 400 ఉండేది. జపాన్ వెళ్లినా ఘనా వెళ్లినా అంతే, డబ్బంతా ఒకే నిధిలో పడి అక్కణ్నుంచే పంపకమవుతుంది. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18. ఏ దేశమన్నది చర్చి చెబుతుంది, వెళ్లేవాడు ఎంచుకోడు. పొద్దున 6:30కి లేవాలి, రాత్రి 10:30కి పడుకోవాలి. వారానికి ఒకరోజు ప్రిపరేషన్ డే, చాలా మిషన్లలో సోమవారం. పీ-డే అంటారు. దాన్ని సెలవు అనడమే నాకు అభ్యంతరం. మిగతా ఆరు రోజులకు అన్నీ సిద్ధం చేసుకునే రోజది.

చంద్ర_కాకినాడ
శారద గారూ, మరీ కష్టాలు ఏకరువు పెడుతున్నారు. 2017లో రోజువారీ టైంటేబుల్ సడలించారు. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. అంతకుముందు వారానికో ఈమెయిలు, ఫోనంటే క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ మాత్రమే. సోమవారం బాస్కెట్‌బాల్ ఆడతారు, కోటలు చూస్తారు, ఫొటోలు పెడతారు. దీన్ని సెలవు అనకపోతే ఇంకేమనాలి?

శారద_యూటా
లెక్కేద్దాం. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా పది గంటలు. ఆరు దాటితే మళ్లీ పనే. మిషనరీలు జంటగా ఉంటారు కాబట్టి ఇద్దరి బట్టలు రెండు వాయిలు. జపాన్ అద్దె గదుల్లో బట్టలారబెట్టే మెషిన్ సాధారణంగా ఉండదు, బాల్కనీలో కడ్డీకి ఆరేయాల్సిందే. జూన్, జూలై ముసురులో గదిలో ఆరేస్తే తెల్లచొక్కాలు మర్నాటికీ చెమ్మగానే ఉండి ముక్క వాసన కొడతాయి, మళ్లీ ఉతకాలి. అందుకే లేవగానే మొదటి వాయి వేసేస్తారు. ఆరేయడం, ఇస్త్రీ కలిపి మూడు గంటలు. వారానికి సరిపడా సరుకులు సైకిల్ బుట్టలో పట్టాలి కాబట్టి బియ్యానికి ఒకసారి, మిగతావాటికి ఒకసారి, గంటన్నర. ఇల్లు తుడవడం, ఊరి నియమం ప్రకారం చెత్త విడదీయడం ఒక గంట. ఇంటికి ఫోను ఒక గంట. మిషన్ అధ్యక్షుడికి (ఆ ప్రాంతపు మిషనరీల పెద్దకి) ప్రతి వారం రాయాల్సిన ఉత్తరం అరగంట. వంట, భోజనాలు పోతే మిగిలేది గంటన్నర. మీరు చూసిన కోట ఫొటో ఆ గంటన్నరలోదే.

విశ్వాసి_హైద్
దయచేసి "మోర్మన్" అనొద్దు. 2018లోనే అప్పటి చర్చి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ పూర్తి పేరే వాడమన్నారు.

చంద్ర_కాకినాడ
పూర్తి పేరు "ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్". అదే శీర్షికలో పెడితే తెలుగువాళ్లు ఎంతమంది తెరిచి చదువుతారు? పేరు సంగతి వదిలేయండి. శారద గారూ, వంటకీ తిండికీ గంటన్నర కోశారు. మిగతా రోజుల్లో తినరా ఏంటి? అది పీ-డే ఖాతాలో ఎలా వేస్తారు?

విశ్వాసి_హైద్
మాకు పేరు చిన్న విషయం కాదండీ.

నాని_ఒసాకా
సోమవారం దగ్గరే ఆగిపోయారు. మిగతా వారం చూడండి. అరగంట వ్యాయామం, సొంతంగా చదువు, కంపానియన్‌తో, అంటే జంట మిషనరీతో చదువు, ఆపైన భాష. గుమ్మం దాటేసరికి పది, పదకొండు. ఆ టైంకి జపాన్‌లో ఇళ్లలో మనుషులుండేది తక్కువ. ఇంటర్‌కమ్ నొక్కితే వచ్చే జవాబు "కెక్కో దెస్". సందర్భాన్ని బట్టి దానికి "బాగుంది" అనీ "అక్కర్లేదు" అనీ రెండర్థాలు, గుమ్మం దగ్గర ఎప్పుడూ రెండోదే. యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో వారాల తరబడి నేర్చుకొచ్చిన భాష ఇలాంటి మాటల దగ్గరే తడబడుతుంది. అందుకే సాయంత్రాలు ముఖ్యం: స్టేషన్ ముందు పలకరింపులు, వారానికోసారి ఎయికైవా, అంటే ఉచిత ఇంగ్లీషు తరగతి.

ఎవరైనా లోపలికి పిలిస్తే ముందు వచ్చేది టీ. చర్చి నియమం ప్రకారం గ్రీన్ టీ కూడదు, 2019లో చర్చి పత్రిక మళ్లీ స్పష్టం చేసింది. హోజిచా కూడా అదే ఆకు వేయించింది, అదీ కూడదు. ముగిచా బార్లీ నీళ్లు, తాగొచ్చు. వద్దని ఊరుకుంటే ఇంటావిడ నొచ్చుకుంటుంది, "ముగిచా ఉంటే ఇవ్వండి" అంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

సైకిల్ ఇంకో పెద్ద సంగతి. గాలి తగ్గిన టైరుతో కాలిబాట అంచు ఎక్కితే ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. కొత్తవాళ్లు ఒకటి అతికించి రెండోది చూడరు, అర కిలోమీటరు పోయాక మళ్లీ తోసుకుంటూ వస్తారు. ట్యూబు నీళ్లలో ముంచి చుట్టంతా తిప్పి బుడగలు చూడాలి. ఈ బాగుచేతలూ సోమవారం ఖాతాలోవే, చంద్ర గారూ.

లావణ్య
అమ్మాయిలకి లంగా అంచు వెనక చక్రంలో ఇరుక్కోవడం కూడా రాయండి. 2018 డిసెంబరులో ప్యాంట్లకి అనుమతి వచ్చాకే ఆ బాధ తగ్గింది.

చంద్ర_కాకినాడ
టీ, ట్యూబు, లంగా. అందరూ అసలు సంగతి దాటేస్తున్నారు. ఆ ఇద్దరూ ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలోనే ఉండాలి. స్నానాల గది తప్ప ఒంటరితనం లేదు. కంపానియన్‌ని ఎంచుకునే వీల్లేదు, ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు. పద్దెనిమిదేళ్లవాడికి రెండేళ్లిలా. దీన్ని జైలు అంటే తప్పేంటి?

శారద_యూటా
తప్పే. జైలుకి ఎవరూ నెలకి 500 డాలర్లు కట్టి వెళ్లరు. మీరు పోయినసారీ ఇంతే, నా పోస్టు సగం చదివి "మతం మత్తు" అని పోయారు. నేను అరపేజీ లెక్క రాస్తే మీరు భోజనం గంటన్నర పట్టుకుని వేలాడారు. ఇద్దరు కలిసి ఉండడం రక్షణ కోసం. తెలియని ఊళ్లో, రాని భాషలో రాత్రి తొమ్మిదికి సైకిల్ మీద ఒక్కడే ఉంటే మీకు నిశ్చింతగా ఉంటుందా?

విశ్వాసి_హైద్
జైలు అన్న మాట వెనక్కి తీసుకోండి. సొంత ఇష్టంతోనే వెళ్తారు.

చంద్ర_కాకినాడ
సొంత ఇష్టమా? అక్కడే నా గొడవంతా. 2022 ఏప్రిల్‌లో నెల్సన్ గారే అన్నారు: అర్హత, శక్తి ఉన్న ప్రతి యువకుడూ సేవకి వెళ్లాలి, అది అబ్బాయిలకి యాజకత్వ బాధ్యత. అమ్మాయిలకి మాత్రం ఐచ్ఛికం. ఒకే ఇంట్లో అక్కకి ఇష్టం, తమ్ముడికి బాధ్యత. సోమవారం ఎన్ని గంటలు మిగిలాయన్నది నాకు ముఖ్యం కాదు. ఎనిమిదో నెలలో "ఇక నా వల్ల కాదు" అన్నవాణ్ని ఇంటికొచ్చాక ఎలా చూస్తారన్నది చెప్పండి.

శారద_యూటా
ఇది మొదటే అడిగుంటే సరిపోయేది. అలాంటివాడు వారం ఉత్తరంలో మిషన్ అధ్యక్షుడికి నేరుగా రాయాలి, కడుపులో దాచుకుని ఇంకో ట్రాన్స్‌ఫర్ కోసం చూడకూడదు. ముందు కౌన్సెలింగ్ అడగొచ్చు, కంపానియన్‌ని మార్చమనొచ్చు. అప్పటికీ కుదరకపోతే ఇంటికి రావచ్చు, విడుదల చేసేది సొంత ఊరి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సమూహం) అధ్యక్షుడు. ఇంట్లో ఉంటూనే చేసే సర్వీస్ మిషన్ కూడా ఉంది, 2019 జనవరి నుంచి రెండింటికీ దరఖాస్తు ఒకటే. మధ్యలో వచ్చినవాణ్ని తక్కువగా చూడమని ఏ రూలూ లేదు.

చంద్ర_కాకినాడ
రూల్లో లేదు, ఒప్పుకుంటాను. ఆదివారం సభలో పక్కవాళ్ల చూపుల్లో ఉంటుంది.

శారద_యూటా
ఉంటుంది. అది కాదనను. కానీ దానికి మందు మిషన్ తీసేయడం కాదు.

చంద్ర_కాకినాడ
తీసేయమని నేను ఎక్కడన్నాను? అబ్బాయిలకీ ఐచ్ఛికం చేయమంటున్నాను.

శారద_యూటా
దానికి నేను ఒప్పుకోను. కానీ జైలు అన్నదానికంటే ఇది అడగదగ్గ మాట.

లావణ్య
జపాన్‌లో సోమవారం పొద్దున 9కి ఫోను చేస్తే ఇక్కడ హైదరాబాద్‌లో టైమెంత?

నాని_ఒసాకా
తెల్లవారుజాము 5:30. యూటాలోనైతే ఆదివారం సాయంత్రం 6, చలికాలంలో 5. మనవాళ్ల కోసం 11కి మార్చుకోమనండి.