పార్కు గడ్డిలో తెల్ల పుట్టగొడుగులు, అత్తమ్మ వండేస్తానంటున్నారు

వానకోయిల, నాగోల్:
రెండు రోజుల వానకి మా కాలనీ పార్కు గడ్డిలో పెద్ద పుట్టగొడుగులు లేచాయి. అరచేయంత వెడల్పు. తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పెచ్చులు, కింద రేకులు కూడా తెలుపే. కాడకు ఉంగరం ఉంది, తోస్తే పైకీ కిందికీ జరుగుతోంది. మా అత్తమ్మది ములుగు వైపు. "ఇవి పుట్టకొక్కులే, మా ఊళ్ల ఏరుకొచ్చి వండుకునేటోళ్లం" అంటున్నారు. ఉడికేటప్పుడు వెండి చెంచా వేస్తారట, నల్లబడకపోతే మంచివట. ప్రస్తుతానికి ఫ్రిజ్‌లో దాచాను. ఆవిడకు ఎదురు చెప్పాలంటే గట్టి ఆధారం కావాలి.

పుట్టమన్ను:
వండనివ్వకండి. ప్రాణం తీసే అమానిటా అనే పుట్టగొడుగుల విషానికి కూడా వెండి నల్లబడదు. ఉడికించినా ఆ విషం పోదు.

అత్తమ్మగారు తిన్నవి నిజంగానే పుట్ట మీదివి అయి ఉంటాయి. చెదపురుగులు పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి, దాని నుంచి మొలిచేవి అవి. గొడుగు నడుమ మొన ఉంటుంది, కాడ అడుగున వేరులాంటి తోక పుట్టలోకి దిగి ఉంటుంది. మీ వాటికి తోక ఉందా? జరిగే ఉంగరం, పెచ్చులు, గడ్డి... నాకైతే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు అనిపిస్తోంది. లేతప్పుడు దాని రేకులు తెల్లగానే ఉంటాయి, మోసం అక్కడే. తిన్న 1 నుంచి 3 గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

బాగా విచ్చుకున్నదాన్ని ఏరి, కాడ కోసేసి, రేకులు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టండి. గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. రాలిన సిద్ధబీజాల (విత్తనాల్లాంటి సన్నటి పొడి) రంగు చూడండి. ఆకుపచ్చగా ఉంటే క్లోరోఫిల్లమే, ఇక వాదన లేదు. తెల్లగా పడితే మాత్రం మంచిదని అర్థం కాదు, అమానిటావీ తెలుపే.

కందిచేను:
మా మావయ్య "పురుగు తిన్నది మనమూ తినొచ్చు" అని వండించాడు. ఆ రాత్రి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇంకోమాట, ఈసారి లాగకుండా తవ్వి తీయండి. అమానిటాల్లో చాలావాటికి అడుగున సంచి ఉంటుంది, లాగితే అది మట్టిలోనే ఉండిపోతుంది. వాంతులు వెంటనే కాక 6 గంటలు దాటాక మొదలైతే ఇంకా భయపడాలి, అది కాలేయం మీదికి వెళ్లే రకం కావచ్చు.

వానకోయిల, నాగోల్:
పొద్దున్నే గిన్నె ఎత్తాను. కాగితం మీద చక్రంలా గీతలు, పాలిపోయిన ఆకుపచ్చ రంగు. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశారు. "మావాటికి తోక ఉండేది, నిజమే" అని ఆవిడే చెత్తబుట్టలో వేశారు. ఇప్పుడు రైతుబజార్లో కొన్న బటన్ మష్రూమ్‌లకు కూడా గిన్నె బోర్లించారు!

పుట్టమన్ను:
అవి మొగ్గలండీ, ఏమీ రాలదు. విచ్చుకున్నది ఒకటి దొరికితే పెట్టమనండి, చాక్లెట్ రంగు పడుతుంది.