గెడ్డలో పరిగె చేపలు మళ్లీ రావాలంటే ఏం చెయ్యాలి?

పల్లం రైతు:
పద్మనాభం మండలంలో మాకు ఎకరన్నర పల్లం ఉంది. పక్కనే చిన్న గెడ్డ (వాగు), చివరికి గోస్తనిలో కలుస్తుంది. నా చిన్నప్పుడు వానలు పడి మడిలో నీళ్లు నిలిచాయంటే చాలు పరిగెలు ఎదురెక్కేవి, మదుం (తూము) దగ్గర వెదురుబుట్ట పెడితే తెల్లారేసరికి పులుసుకు సరిపడా పడేవి. రెండేళ్ల కింద జేసీబీతో పూడిక తీశారు. గెడ్డ చూడ్డానికి శుభ్రంగానే ఉంది గానీ చేప లేదు, నిరుడంతా మా అబ్బాయికి కనబడినవి నాలుగు మట్టగిడసలు. ఎక్కడైనా పిల్లలు కొని వదిలితే పెరుగుతాయా? తినడానికి కాదు (సరే, కొంచెం తినడానికి కూడా).

పెందుర్తి బాబు:
గంబూసియా వదిలెయ్యండి, ఖర్చు లేదు. దోమలూ పోతాయి.

చేపలపిచ్చి:
అయ్యా, ఆ పని మాత్రం చెయ్యకండి. గంబూసియా అమెరికా చేప, దోమల కోసమే 1928లో మన దేశానికి తెచ్చారు, కానీ అది వేరే చేపల గుడ్లనీ పిల్లల్నీ కూడా వదలదు. దోమపిల్లల్ని తినడానికి మన నీళ్లలోనే నెత్తి మీద వెండిచుక్కతో పైపైన తిరిగే బుల్లి చేప ఉంది. షాపు చేపలూ వద్దు, వాటితో ఏ రోగం వస్తుందో తెలీదు.

పల్లం రైతు గారూ, మట్టగిడసలే మిగిలాయి అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. మట్టగిడస, కొర్రమీను, ఇంగిలాయి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి, నీళ్లు తగ్గి బురదైనా కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. పరిగెకు ఆ విద్య రాదు. జేసీబీ అడుగంతా పళ్లెంలా చదును చేసుంటుంది, మడుగు పోయింది, తుంగ పోయింది. మే నెలలో మీ గెడ్డలో ఎక్కడైనా నడుం లోతు నీళ్లు ఉంటున్నాయా? లేకపోతే ఎన్ని కొని వదిలినా దండగే.

ఆనందపురం అన్న:
మడుగు ఒక్కటే కాదండి, మందు సంగతి కూడా చూసుకోండి. మూడేళ్ల కింద మేం వరికి సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు కొట్టాం, కొట్టినాయన ట్యాంకు తీసుకెళ్లి గెడ్డలోనే కడిగేశాడు. మర్నాడు పొద్దున్న తుంగ మొదట్లో తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి, వేలెడంత పరిగెలే అన్నీ, కాకులు కూడా ముట్టలేదు. ఆ జాతి మందులు చేపలకి మహా విషం, చుక్క చాలు. ఇప్పుడు ట్యాంకు దూరంగా గట్టు మీద మెరకలో కడిగిస్తున్నా, మందు కొట్టాక కొన్నాళ్లు మడి నీళ్లు గెడ్డలోకి వదలను. మడి మూల మోకాలు దాటిన లోతులో గొయ్యి కూడా తీశా. మడి ఆరగట్టినప్పుడు చేప అందులోకి దిగుతుంది. రెండు సెంట్లు పోయిందని ఇంట్లో గొడవ, అది వేరే కథ.

ఇంకోటి, కింద కల్వర్టు పైపు చూశారా? పైపు మూతి నీటికి పైన వేలాడుతుంటే ఏ పరిగే ఎక్కలేదు.

పల్లం రైతు:
ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. మూరెడు ఎత్తులో ఉంది! కింద రాళ్లు పేరిస్తే సరిపోద్దా?

ఆనందపురం అన్న:
మెట్లు మెట్లుగా పేర్చండి, పై రాయి మీదుగా నీళ్లు పారాలి. పంచాయతీలో ఒకమాట చెప్పి మొదలెట్టండి. మడుగు మాత్రం వానలకి ముందే తవ్వించాలి, పాత మడుగు ఎక్కడుండేదో మీ నాన్నగారిని అడగండి.

పల్లం రైతు:
అడిగా. చూపించారు. ఇప్పుడక్కడ మా మోటారు షెడ్డు ఉంది.